శరీరదానపు దస్తరము — ఒక విమర్శ

వైద్యకళాశాలలో మొదటి సంవత్సరము చదువు విద్యార్థికి గురువులలో ఒకరు మాటాడరు. శవచ్ఛేదనశాలలో బల్లపై నున్న మృతదేహమే ఆ గురువు. కండరము ఎచ్చట ఎముకకు అంటుకొని యున్నదో, నాడి ఏ సందునుండి వెడలుచున్నదో, గ్రంథమున చదివి తెలిసికొనుట వేరు, చేతితో తాకి తెలిసికొనుట వేరు. 2019 నుండి మనదేశమున అమలులోనికి వచ్చిన వైద్యవిద్యా ప్రణాళికలో మృతదేహమును మొదటి గురువుగా భావింపజేయుటకు ఒక ప్రత్యేక పాఠభాగమునే చేర్చినారు.

గురువని పిలుచుట మంచిదే. కాని ఆ గురువు ఎవరు? ఎవరి సమ్మతితో అచ్చటికి వచ్చెను? ఇప్పుడు ఏ గదిలో ఉన్నాడు? చదువు ముగిసిన పిమ్మట ఎచ్చటికి పోయెను? ఈ నాలుగు ప్రశ్నలకును తడుముకొనక సమాధానము చెప్పగల దస్తరము ఉన్నప్పుడే ఆ గౌరవము మాటలలో కాక చేతలలో ఉన్నట్లు లెక్క. ఈ దస్తరము నేడు కాగితము నుండి కంప్యూటరులోనికి మారుచున్నది. ఈ మార్పును అభివృద్ధి యని మెచ్చుకొనువారు పెక్కుమంది. అది ఎంతవరకు అభివృద్ధియో, ఎచ్చట లోపములు కలవో విచారించుట అవసరము.

పాతబస్తీ ఎందుకు?

ఈ విచారణకు హైదరాబాదు పాతబస్తీ తగిన స్థలము. దక్కనులో పాశ్చాత్య వైద్యవిద్యకు పునాది పడిన నగరమిది. 1846లో స్థాపించిన హైదరాబాదు వైద్యపాఠశాలయే తరువాత ఉస్మానియా వైద్యకళాశాల అయినది. అది నేడు మూసీనదికి ఉత్తరపు ఒడ్డున కోఠీలో ఉన్నది. దక్షిణపు ఒడ్డున, చార్మినారు చెంతనే నిజామియా తిబ్బీ కళాశాల కలదు. అచ్చట యునానీ వైద్యము చదువు విద్యార్థులు కూడ శరీరనిర్మాణమును ‘తష్రీహ్’ అను పేరుతో అభ్యసింతురు. కంచన్‌బాగులో 1984లో ఏర్పడిన దక్కన్ వైద్యకళాశాల ఉన్నది. నదికి ఇరువైపుల నివసించు జనులు ఉర్దూ, తెలుగు, ఆంగ్లము అను మూడు భాషలలో తమ పేర్లు వ్రాసికొందురు. ఒక దస్తరము యొక్క గట్టితనమును పరీక్షింపవలెనన్న ఇంతకంటె కఠినమైన పరీక్షాస్థలము దొరకుట అరుదు.

శరీరదానము, అవయవదానము

ముందుగా ఒక పొరపాటును తొలగింపవలెను. అవయవదానము, శరీరదానము ఒకటి కావు. మెదడు పనిచేయుట పూర్తిగా నిలిచిపోయి, గుండె ఇంకను కొట్టుకొనుచున్న స్థితిలో మూత్రపిండములు, కాలేయము మొదలగువానిని తీసి రోగులకు అమర్చుట అవయవదానము. దీనికి 1994లో కేంద్రచట్టము వచ్చినది. తెలుగునాట 2013 నుండి ‘జీవన్‌దాన్’ అను ప్రభుత్వ పథకము హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రి కేంద్రముగా నడచుచున్నది. శరీరదానము అట్లు కాదు. గుండె ఆగి మరణించిన పిమ్మట మొత్తము దేహమును విద్యార్థుల చదువు కొరకు కళాశాలకు ఒసగుట అది. దీనిని నడపునవి ఆయా రాష్ట్రముల శరీరనిర్మాణ చట్టములు. 1949లో వచ్చిన బొంబాయి చట్టము వీనిలో ప్రసిద్ధమైనది.

సాధారణముగా ముఖ్యమైన అవయవములు తీసివేసిన దేహమును శవచ్ఛేదనమునకు కళాశాలలు అంగీకరింపవు. నేత్రదానము మాత్రము శరీరదానమునకు అడ్డురాదు. ఆచార్య జి. ఎన్. సాయిబాబా 2024 అక్టోబరు 12న హైదరాబాదులో మరణించినప్పుడు ఆయన నేత్రములు ఎల్. వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థకును, దేహము సికింద్రాబాదులోని గాంధీ వైద్యకళాశాలకును చేరినవి. అదే సంవత్సరము సెప్టెంబరు 12న ఢిల్లీలో కన్నుమూసిన సీతారాం ఏచూరి దేహమును కుటుంబమువారు అచ్చటి అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థకు ఒసగిరి. ఆయన ఆసుపత్రిలోనే మరణించెను. దేహము ఇంటికిని, పార్టీ కార్యాలయమునకును వెళ్ళి, ప్రజల నివాళులందుకొని, మరల ఆ సంస్థకే చేరినది.

ఈ రెండు సంఘటనలను దస్తరము దృష్టితో చూడుడు. మొదటిదానిలో ఒక్క మరణము, రెండు సంస్థలు, రెండు చిట్టాలు. రెండవదానిలో ఒకే సంస్థ నుండి దేహము బయటికి వెడలి మరల లోపలికి వచ్చినది. ప్రసిద్ధుల విషయమున వేలాది కన్నులు సాక్ష్యముండును గనుక పొరపాటునకు తావులేదు. సామాన్యుని విషయమున చిట్టా ఒక్కటే సాక్షి.

వాగ్దానము లెక్క కాదు

శరీరదానము అనేక మెట్లుగా జరుగును. జీవించియున్న మనుష్యుడు ఇద్దరు సాక్షుల ఎదుట సమ్మతిపత్రము వ్రాయును. ఆయన మరణించిన పిమ్మట బంధువులు కళాశాలకు తెలుపుదురు. మరణ ధ్రువపత్రమును, గుర్తింపు పత్రములను చూచి, అంటురోగములు గాని, పోలీసు విచారణ అవసరమైన మరణము గాని కాదని నిశ్చయించుకొని కళాశాలవారు దేహమును స్వీకరింతురు. తొడలోని గాని మెడలోని గాని ధమని ద్వారా ఫార్మలిన్ కలిసిన ద్రవమును ఎక్కించి అది చెడకుండ చేయుదురు. ఒక సంఖ్య చెక్కిన బిళ్ళను కట్టుదురు. తరువాత అది ఛేదనశాలకు పోవును. చదువు ముగిసిన పిదప అవశేషములకు దహనమో ఖననమో జరుగును.

ఇన్ని మెట్లున్నను, కంప్యూటరు పద్ధతి ప్రవేశించినచోట మొట్టమొదట మెరుగుపడునది మొదటి మెట్టు మాత్రమే. సమ్మతిపత్రమును సెల్‌ఫోనులోనే నింపవచ్చును. నింపిన వెంటనే చక్కని కార్డు వచ్చును. ఇంతమంది దాతలు చేరిరని సంఖ్య ప్రకటింపబడును. చూచువారికి ఇది గొప్పగా ఉండును. అసలు లోపము ఇచ్చటనే ఉన్నది. ఆ సంఖ్య వాగ్దానముల సంఖ్య గాని దానముల సంఖ్య కాదు.

ఒక ఉదాహరణము కల్పించుకొందము. నూరుగురు వాగ్దానము చేసిరనుకొనుడు. వారిలో పదిమంది మరణించిరి. ముగ్గురి బంధువులకు ఆ వాగ్దానము సంగతియే తెలియదు. ఇద్దరి బంధువులు ఒప్పుకొనలేదు. ఇద్దరు దూరప్రాంతమున మరణించిరి. ఒకరి మరణము ప్రమాదమువలన జరిగినది గనుక శవపరీక్ష అవసరమై కళాశాల స్వీకరింపలేదు. మిగిలినవి రెండు దేహములు. కాని పట్టికలో నేటికిని నూరుగురు దాతలే ఉందురు, మరణించిన పదిమందితో సహా! అధికారి ఆ పట్టికను చూచి రాబోవు సంవత్సరమునకు దేహములు సమృద్ధిగా కలవని తలచినచో, బల్లలు ఖాళీగా నున్నప్పుడు గాని నిజము తెలియదు.

ఆచరణలో దగ్గరి బంధువులు అంగీకరింపనిచో దేహము కళాశాలకు రాదు. అందుచేత సమ్మతిపత్రములో దాత సంతకమునకు ఎంత విలువ కలదో, ఆయన ఇంటివారికి ఆ సంగతి తెలిపిన తేదీకి కూడ అంత విలువ కలదు. ఆ తేదీకి గడి లేని ఫారము ఎంత అందముగా నున్నను అసంపూర్ణమే. మరణముల నమోదు చట్టమును 2023లో సవరించి ఆ వివరములను కంప్యూటరులో జాతీయస్థాయిని కూర్చుటకు ఏర్పాటు చేసినారు. వాగ్దానపు పట్టికను మరణ నమోదుతో అప్పుడప్పుడు సరిచూచుచుండినచో, గతించినవారు సజీవ దాతలుగా మిగిలిపోవుట తప్పును. వాగ్దానములు ఎన్ని, మరణములు ఎన్ని, వచ్చిన దేహములు ఎన్ని, రానివానికి కారణములేమి అను నాలుగు అంకెలను ప్రక్కప్రక్కన ప్రకటింపవలెను. మొదటి అంకెను మాత్రమే ప్రకటించుట ప్రచారమగును.

పేరు ఒకటి, లిపులు మూడు

ఇక గుర్తింపు విషయము. ఉర్దూలో ఒకే విధముగా వ్రాయు పేరు తెలుగులో మహమ్మద్, మొహమ్మద్, ముహమ్మద్, మహ్మద్ అని పలు రూపములు పొందును. ఆంగ్లములో ఇంకను ఎక్కువ. తెలుగు పేర్లకును ఈ చిక్కు తప్పదు. ఇంటిపేరు ఒకచోట ముందు, మరియొకచోట వెనుక వచ్చును. ఒకచోట పూర్తిగా ఉండును, వేరొకచోట ఒక్క అక్షరమై మిగులును. రేషను కార్డులో లక్ష్మమ్మ, ఆసుపత్రి చీటీలో లక్ష్మి, సమ్మతిపత్రములో కె. లక్ష్మీబాయి — ముగ్గురును ఒక్కరే కావచ్చును. వెనుకటి గుమాస్తా ఎదుట నిలిచిన కుమారుని ప్రశ్నించి ఈ ముడిని విప్పెడివాడు. యంత్రము మాత్రము ఇవి మూడు పేర్లనియే చెప్పును.

దీనికి ఉపాయములు లేకపోలేదు. 1918లో అమెరికాలో ‘సౌండెక్స్’ అను పద్ధతికి పేటెంటు లభించినది. పేరులోని మొదటి అక్షరమును ఉంచి, అచ్చులను విడిచి, దగ్గరి ధ్వనులు గల హల్లులకు ఒకే అంకె వేయుదురు. అప్పుడు వర్ణక్రమము వేరైనను ధ్వని ఒకటియైన పేర్లకు ఒకే సంకేతము వచ్చును. మొహమ్మద్, ముహమ్మద్ అను రూపములు ఈ పద్ధతిలో ఒక్కచోటికి చేరును. కాని ఆ పేరునే ఆంగ్లములో నాలుగు అక్షరములకు కుదించి వ్రాసినచో సంకేతము మారిపోవును. మొదటి అక్షరము యథాతథముగా నిలుచును గనుక, జాకిర్ అను పేరును ఆంగ్లములో ‘జెడ్’తో వ్రాసినప్పుడు ఒక సంకేతము, ‘జె’తో వ్రాసినప్పుడు వేరొక సంకేతము వచ్చును. వహీద్ అను పేరునకు ‘డబ్ల్యూ’, ‘వి’ అక్షరములతో ఇదే గతి పట్టును. ఆంగ్లేయ నామముల కొరకు పుట్టిన పద్ధతి చార్మినారు వీథులలో ఇట్లు తడబడుట వింత కాదు.

చిరునామా కూడ సురక్షితము కాదు. పాతబస్తీ ఇంటి సంఖ్యలు అడ్డుగీతలతో కూడియుండును. ‘20-4-12’ అనునది అట్టి సంఖ్యకు ఒక మాదిరి. దీనిని లెక్కల గళ్ళపట్టికలో వ్రాసినచో యంత్రము దానిని 2012 ఏప్రిల్ 20వ తేదీ యని భావించి మార్చివేయగలదు. ఇల్లు పోయి తేదీ మిగులును! ఇది హాస్యమునకు చెప్పిన మాట కాదు. జన్యుశాస్త్రజ్ఞులకే ఈ అనుభవము కలిగినది. కొన్ని జన్యువుల సంక్షిప్త నామములు ఆంగ్లమాసముల పేర్లను పోలియుండుటచే గళ్ళపట్టికలు వానిని తేదీలుగా మార్చివేసినవి. ఇట్టి పట్టికలు జతపరచిన పరిశోధనా పత్రములలో సుమారు ఐదవవంతున ఈ దోషము కలదని 2016లో ఒక పరిశీలన తేల్చినది. తుదకు 2020 నాటికి ఆ జన్యువుల పేర్లనే మార్చవలసి వచ్చినది. జన్యువునకు పేరు మార్చవచ్చును. గతించిన మనుష్యుని ఇంటి సంఖ్యను మార్చుటకు ఎవరికిని అధికారము లేదు.

కావున పేరుపై గాని చిరునామాపై గాని ఆధారపడక, సమ్మతిపత్రము వ్రాసిన దినముననే మార్పులేని ఒక సంఖ్యను ఒసగవలెను. పేరును దాత స్వయముగా వ్రాసికొను లిపిలోనే, ఆయన చేతివ్రాతతోనే భద్రపరుపవలెను. మిగిలిన లిపులలోని రూపములు దానికి అనుబంధములుగా ఉండవలెను. ఇంటి సంఖ్యను అంకెగా కాక అక్షరముల వరుసగా భావింపుమని యంత్రమునకు ముందే చెప్పవలెను.

సమ్మతి గలవారు, సమ్మతి లేనివారు

ఈ దస్తరములో అన్నింటికంటె గంభీరమైన గడి మరియొకటి కలదు. అది దేహము వచ్చిన మార్గము. ఛేదనశాలకు వచ్చు దేహములన్నియు దానములు కావు. ఆసుపత్రులలోను వీథులలోను మరణించి, తమవారెవరును రాని అనాథ మృతదేహములను కూడ చట్టము ప్రకారము కళాశాలలకు ఒసగుదురు. ఈ ఏర్పాటునకు మూలము బ్రిటనులో కలదు. 1828లో ఎడింబరో నగరమున బర్క్, హేర్ అను ఇద్దరు పదునారుగురిని హత్యచేసి దేహములను శరీరశాస్త్ర బోధకునకు అమ్మిరి. ఆ సంచలనము పిమ్మట 1832లో వచ్చిన చట్టము, ఎవరును అడుగని దేహములను బోధనకు వాడుకొనుటకు వీలు కల్పించినది. ఆచరణలో అట్టి దేహములు బీదల శరణాలయములనుండియే ఎక్కువగా వచ్చినవి. మనదేశపు చట్టములును ఆ త్రోవనే నడచినవి.

అంతర్జాతీయ శరీరశాస్త్ర సంఘముల సమాఖ్య 2012లో చేసిన సూచనలలో, బోధనకు స్వచ్ఛందముగా దానము చేసిన దేహములనే వాడవలెనని చెప్పినది. ఆ ఆదర్శము ఇంకను దూరమున నున్నది. అంతవరకు దస్తరము సత్యము చెప్పవలెను. దేహము వచ్చిన మార్గమును ‘ఆసుపత్రి నుండి’ అని ఒక్కమాటలో వ్రాసినచో దాత, అనాథ ఒకే వరుసలో కలిసిపోవుదురు. తెలిసి తన దేహమును ఒసగిన వాని ఔదార్యము అచ్చట కనబడదు. అడుగకయే తీసికొనబడిన వాని నిస్సహాయతయు కనబడదు.

అనాథ యనుమాటకు కూడ పరీక్ష కావలెను. ఊరినుండి పనికై వచ్చి అఫ్జల్‌గంజ్ ప్రాంతమున కూలిపోయిన మనుష్యునికి ఇల్లాలు, బిడ్డలు ఉండవచ్చును. వారు వేరొక పోలీసు స్టేషనులో ఆయన కొరకు అర్జీ ఒసగి యుండవచ్చును. కంప్యూటరు నిజముగా ఉపకరింపగల స్థలమిదియే. శవాగారపు చిట్టా, తప్పిపోయినవారి పట్టిక ఒకదానితో ఒకటి సరిపోల్చబడి, ముఖచిత్రము, ఎత్తు, పచ్చబొట్టు, మచ్చలు వెదకుటకు వీలైనచో, ఒక కుటుంబమునకు తన మనిషి దొరకును. ఫార్మలిన్ ఎక్కించుటకు ముందే ఈ వెదకులాట ముగియవలెను. వాగ్దానపు కార్డులు ముద్రించుటకు చూపు ఉత్సాహములో సగమైనను ఈ పనికి చూపినచో యంత్రమునకు పెట్టిన ధనము సార్థకమగును.

ఒక సంఖ్య పలుసంఖ్య లగునప్పుడు

ఛేదనము ఆరంభమైన పిమ్మట ఒక దేహము ఒకటిగా ఉండదు. కపాలము ఒక గాజుపెట్టెకు, హృదయము ఒక సీసాకు, చిన్న కణజాలపు ముక్క సూక్ష్మదర్శిని పలకకు పోవును. కాలి బిళ్ళపై నున్న సంఖ్య ఒక్క కాలికే మిగులును. మంచి దస్తరములో ప్రతి భాగమునకును వేరు సంఖ్య ఉండి, అది తల్లిసంఖ్యతో ముడిపడియుండును. గీతల గుర్తును యంత్రముతో చదివిన క్షణమున అది ఎవరి దేహభాగమో, ఏ అలమారలో నుండవలెనో తెలియును. కాగితముపై ఇది సాధ్యమే గాని శ్రమ అధికము. ఇందు కంప్యూటరు ఆధిక్యమును ఒప్పుకొనక తప్పదు.

అయితే యంత్రమున్నంతమాత్రమున దొంగతనము ఆగునా? 2004లో అమెరికాలోని లాస్ ఏంజిలిస్ విశ్వవిద్యాలయమున శరీరదాన శాఖను నడపిన అధికారినే, దేహభాగముల అమ్మకమునకు సంబంధించి అరెస్టు చేసిరి. 2019లో పారిస్ నగరమున ఒక విశ్వవిద్యాలయపు శరీరదాన కేంద్రమున దేహములను ఉంచిన దుస్థితి పత్రికలలో వెల్లడియై, ఆ కేంద్రము మూతపడెను. 2023లో హార్వర్డు వైద్యకళాశాల శవాగారపు నిర్వాహకునిపై, దహనమునకు పోవలసిన దేహభాగములను దొంగిలించి అమ్మెనని నేరారోపణ జరిగినది. ఇవి కంప్యూటర్లు లేని దేశములు కావు. చిట్టా వ్రాయువాడును, తాళపుచెవి కలవాడును ఒక్కడే అయినచో, ఎంతటి యంత్రమైనను అతడు చెప్పినదే నమ్మును. దేహము గది మారిన ప్రతిసారియు ఒసగినవారు ఒకరు, అందుకొన్నవారు ఒకరు గుర్తు వేయవలెను. ఒకసారి వ్రాసినదానిని చెరుపుటకు వీలుండరాదు. తప్పు వ్రాసినచో సవరణ దాని క్రిందనే వేరుగా నమోదు కావలెను. ఇవి బ్యాంకులలో చిరకాలముగా ఉన్న నియమములే.

వరద, తాళము

కాగితపు పక్షమున వాదించువారు కూడ ఒక విషయము మరువరాదు. మూసీ ఒడ్డు వరద నెరిగిన నేల. 1908 సెప్టెంబరు 28న నది పొంగినప్పుడు అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ ప్రాంతముననే తరువాత వెలసిన ఉస్మానియా ఆసుపత్రి పాతభవనపు వార్డులలోనికి 2020 జులైలో వాననీరు చేరి, ఆ భవనమునే ఖాళీ చేయవలసి వచ్చెను. 2025 జనవరిలో ఆ ఆసుపత్రికి గోషామహల్‌లో కొత్త భవనమునకు శంకుస్థాపన జరిగినది. తడియును, తరలింపును కాగితమునకు శత్రువులు. ఒకే బీరువాలో ఒకే ప్రతిగా నున్న రిజిస్టరు ఎంత చక్కని దస్తూరీతో వ్రాసినను అశాశ్వతమే.

కంప్యూటరునకును వేరొక విధమైన వరద కలదు. 2022 నవంబరు 23న ఢిల్లీ అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థ కంప్యూటర్లపై దుండగులు దాడిచేసి సమాచారమునకు తాళము వేసినట్లు చేసిరి. సుమారు రెండు వారములు అచ్చటి రోగుల నమోదు చేతివ్రాతతోనే సాగినది. కావున రెండు ప్రతులు, రెండు స్థలములు, వానిలో ఒకటి ఏ తీగకును తగిలింపని ప్రతి, సంవత్సరమునకు ఒకసారి కాగితముపై అచ్చువేసి సంతకములతో కుట్టిన సంపుటము — ఇవి కావలెను. ఇది ఖర్చుతో కూడిన పనియే గాని, గతించిన దాతను మరల పిలిచి సంతకము చేయింపలేము గదా!

చూచు అధికారము కూడ నియమితము కావలెను. బల్లవద్ద విద్యార్థికి వయస్సు, మరణకారణము, జరిగిన శస్త్రచికిత్సలు తెలిసినచో చదువునకు మేలు. పేరు, ఇంటి సంఖ్య అనవసరము. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, తన మరణానంతరము తన సమాచార హక్కులను వినియోగించుటకు మరియొకరిని నియమించు హక్కును కల్పించినది. ఆ నియమితుని పేరు సమ్మతిపత్రములోనే ఉండుట సమంజసము.

లేని గడి చేయు కీడు

అఫ్జల్‌గంజ్ చరిత్రయే ఈ విషయమున ఒక పాఠము నేర్పును. 1888, 1889 సంవత్సరములలో హైదరాబాదున క్లోరోఫారముపై రెండు విచారణ సంఘములు పనిచేసినవి. వైద్యపాఠశాలను నడపుచుండిన ఎడ్వర్డ్ లారీ వానికి ప్రేరకుడు. రెండవ సంఘమున పాల్గొనుటకు ‘లాన్సెట్’ పత్రిక తరపున లాడర్ బ్రంటన్ లండను నుండి వచ్చెను. వ్యయమునకు నిజాము సహాయము చేసెను. వందలకొలది జంతువులపై ప్రయోగములు చేసి, రక్తపీడనపు గీతలను యంత్రములపై గీయించి, అపారమైన దస్తరమును కూర్చిరి. క్లోరోఫారము మొదట శ్వాసను ఆపును, పిమ్మటనే గుండె ఆగును, కావున శ్వాసను కనిపెట్టి యున్నచో చాలునని తేల్చిరి. కాని 1911లో లెవీ అను శాస్త్రజ్ఞుడు, మత్తు స్వల్పముగా నున్నప్పుడు కూడ గుండె అకస్మాత్తుగా లయతప్పి ఆగిపోవచ్చునని నిరూపించెను. దస్తరము పెద్దదే, వ్రాసినవారు శ్రద్ధాళువులే. కాని వారి ప్రశ్న ఇరుకైనది. అడుగని ప్రశ్నకు ఎన్ని పుటలు వ్రాసినను సమాధానము దొరకదు.

శరీరదానపు చిట్టాలో అట్లు తరచుగా లోపించు గడులు రెండు. ఒకటి ఉపసంహరణ. వాగ్దానము చేసినవారు మనస్సు మార్చుకొనవచ్చును. పాతబస్తీలో మతాచారము ననుసరించి త్వరగా ఖననము చేయుటను విధిగా భావించు కుటుంబములు అనేకము. దహనమును, అస్థినిమజ్జనమును విడువలేని కుటుంబములును అనేకము. వారి కాదనుటను దోషముగా కాక నిర్ణయముగా, గౌరవముతో నమోదు చేయవలెను. చేరుటకు ఒక మీటయు, వైదొలగుటకు పది మెట్లును గల ఫారము స్వేచ్ఛాపూర్వకమైన సమ్మతిని తెలుపదు.

రెండవది చివరి గడి. అవశేషములకు ఏ తేదీని, ఎచ్చట, ఏ విధముగా అంత్యక్రియ జరిగినది, ఆ సంగతిని ఎవరికి తెలిపినారు? శాలిబండ నుండి ఒక కుమార్తె రెండేండ్ల పిమ్మట కళాశాలకు వచ్చి, ‘మా నాయనగారు ఇప్పుడు ఎక్కడ ఉన్నారండీ?’ యని అడిగినదనుకొనుడు. ఆ ప్రశ్నకు గుమాస్తా తలవంచుకొనినచో, ముందు వ్రాసిన పుటలన్నియు ఆమెకు నిరర్థకములే.

తరగతిలో చేయదగిన పని

ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో సులభముగా పరీక్షింపవచ్చును. పది పేర్లను పెద్దగా చదివి, విద్యార్థులచే తెలుగులోను ఆంగ్లములోను విడివిడిగా వ్రాయించుడు. వచ్చిన రూపములను లెక్కించుడు. పిమ్మట వానిలో ఏవి ఒకే మనుష్యునివో, సంఖ్య లేకుండ తేల్చుమని వేరొక తరగతివారిని అడుగుడు. ఇంటి సంఖ్యలను కంప్యూటరు గళ్ళపట్టికలో వ్రాయించి, ఎన్ని తేదీలుగా మారినవో చూడుడు. చివరకు శరీరదానమునకు ఒక చిట్టాను విద్యార్థులే రచింపవలెను. ఏ గడులు ఉండవలెను, ఎవరు చూడవలెను, ఎవరు సంతకము చేయవలెను అను చర్చ విజ్ఞానశాస్త్రమునకు ఎంత సంబంధించినదో పౌరశాస్త్రమునకును అంత సంబంధించినది.

కంప్యూటరు వలదనుట ఈ విమర్శ తాత్పర్యము కాదు. భాగములను తల్లిసంఖ్యతో ముడివేయుటకును, తప్పిపోయినవారిని వెదకుటకును, ప్రతులను భద్రపరచుటకును దానికి మించిన సాధనము లేదు. అయితే వాగ్దానములను లెక్కించి తృప్తిపడు చిట్టా, కాగితముపై నున్నను తెరపై నున్నను, సగము చిట్టాయే. శాలిబండ కుమార్తె అడిగిన ప్రశ్నకు తేదీతో, స్థలముతో సమాధానము చెప్పగలిగిననాడే ఆ దస్తరము పూర్తియైనదని చెప్పవచ్చును.